కుడి చెవి

జై ఆంధ్ర గొడవలు సద్దుమణిగిన మరుసటి ఏడు, ఒక ఆదివారం పొద్దున, వెంకటప్పయ్య పటమటలో తన మేడ హాల్లో స్నేహితులతో కూర్చుని లెవీ బియ్యం గురించి మాట్లాడుతున్నాడు. ఆయనకి కంకిపాడు దగ్గర రైసు మిల్లు ఉంది. ఆయన మాట్లాడుతుంటే ఆ మిల్లు ఆడుతున్నట్టే ఉంటుంది. ఎదుటివాళ్లు చెప్పేది ఆయనకి వినపడదు, వినాలన్న కోరికా ఉండదు. రేడియో అన్నది ధరలు చెప్పడానికీ, తుపాను వస్తే ముందుగా హెచ్చరించడానికీ కనిపెట్టారని ఆయన నమ్మకం. తక్కిన వేళల్లో అది నోరు మూసుకుని ఉండాలి.

ఆ పూట మూసుకోలేదు. వంటింట్లోంచి వయొలిన్ కచేరీ వినిపిస్తోంది.

"ఏమేవ్, ఆ గోల కాస్త ఆపుతావా?" అని అరిచాడు.

భార్య శివపార్వతి ఆపలేదు, తగ్గించింది. అది ఆయనకి చాలలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, ట్రాన్సిస్టరుతో పాటు అట్టపెట్టెలో వచ్చిన ఇయర్‌ఫోను సొరుగులోంచి బయటికి లాగాడు. శనగగింజంత బుడిపె, దానికొక సన్నటి తీగ. తీగ చివర రేడియో పక్కనున్న కన్నంలో గుచ్చేసరికి కచేరీ ఠక్కున ఆగిపోయింది.

"ఇదిగో, చెవిలో పెట్టుకో. నీ సంగీతం నువ్వు విను. మధ్యలో మా ప్రాణాలెందుకు తీస్తావు?"

హాల్లో అందరూ నవ్వారు. రామకోటేశ్వరరావు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆయన రోడ్ల కాంట్రాక్టరు. ఆయన వేసిన రోడ్లు ఒక వానాకాలం దాటిన దాఖలా లేదు. అయినా ఊళ్లో ఒక సంగీత సభకి కార్యదర్శి. కచేరీల్లో ముందు వరుసలో కూర్చుని తొడ మీద తప్పు తాళం వేస్తుంటే, మృదంగం వాయించేవాళ్లు పొరపాటున కూడా ఆయన వైపు చూపు పోనిచ్చేవాళ్లు కాదు.

శివపార్వతి ఆ బుడిపెని చెవిలో పెట్టుకుంది. రేకు డబ్బాలో దోమ ఇరుక్కున్నట్టుంది. వాయిస్తున్నది వయొలినో వేణువో పోల్చుకోవడం కష్టంగా ఉంది. మృదంగం జాడే లేదు. కల్యాణి రాగాన్ని ఎవరో పిండి, ఉతికి, ఆరేసి, మడత పెట్టినట్టుంది. తీసేసి, మళ్లీ సొరుగులోకి విసిరి, పులుసులో బెల్లం వేసింది.

ఆమె ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. మనసులో మాత్రం ఎవరినీ వదిలిపెట్టేది కాదు. పుట్టిల్లు గుడివాడ పక్క పల్లె. చిన్నతనంలో ఇంటికొచ్చి చెప్పే మేష్టారి దగ్గర వయొలిన్ నేర్చుకుంది. వర్ణాలు దాటి కీర్తనల్లోకి అడుగుపెట్టిన ఏడు పెళ్లయింది. "మా ఇళ్లల్లో ఆడవాళ్లు ఫిడేళ్లు వాయించరమ్మా" అన్నది అత్తగారు మొదటి మాటగా. వయొలిన్ పుట్టింట్లో బీరువా మీదికి ఎక్కింది. తర్వాత పిల్లలు, అత్తగారి మంచం, మిల్లు కూలీలకి భోజనాలు. ఇప్పుడు అత్తగారు లేరు. ఇద్దరు కొడుకులూ గుంటూరులో చదువుకుంటున్నారు. పగలంతా ఇంట్లో ఆమే, ఆ రేడియోనే. చెయ్యి మళ్లీ సాగుతుందేమో చూద్దామని ఆమెకి ఈమధ్యే బుద్ధి పుట్టింది. చెప్పేవాళ్లు లేరు గనక వినే నేర్చుకోవాలి. కమాను ఎక్కడ తిరిగింది, వేలు ఎక్కడ జారింది, ఎక్కడ ఆగింది, ఇవన్నీ చెవిలో పడితే తప్ప ఆ చదువు సాగదు.

భర్త ఎగతాళికి చేసిన పనిలో ఆమెకి ఒక దారి కనబడింది. చెవికి పెట్టుకోవలసిందే. కాని అది చెవికి తగినదై ఉండాలి.

మర్నాడు ఆయన మిల్లుకి వెళ్లగానే తలుపు తాళం వేసి, మంగళగిరి చీర కట్టుకుని, రిక్షా ఎక్కి వన్ టౌన్ వెళ్లింది.

కాశీరావు రేడియో షాపు అక్కడ పేరున్నది. అద్దాల బీరువాలో సరుకంతా మిలమిల మెరుస్తూ ఉంటుంది, కాశీరావు దంతాల్లాగే. ఆమెని చూసి కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు.

"ఏం కావాలమ్మా? టార్చిలైటు సెల్లులా?"

"ఇయర్‌ఫోను. మంచిది."

"ఎవరికమ్మా? ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా చెముడా?"

"నాకే. సంగీతం వినడానికి."

కాశీరావు ఈసారి ఇంకొంచెం నవ్వాడు. "మీవారిని పంపించండమ్మా. ఇలాంటివి మగవాళ్లు చూసి కొనాలి. జపాను సరుకుంది, జర్మనీ సరుకుంది, మీకేం తెలుస్తుంది?"

"మా వారికి జపాను ఏ దిక్కునుందో కూడా తెలియదు. మీరు చూపించండి, నేను వింటాను."

"వినడానికి కుదరదమ్మా. ఒకరు చెవిలో పెట్టుకున్నది ఇంకొకరికి అమ్మలేం."

ఆమె సంచిలోంచి తెల్లటి పాత చీర ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. ప్రతి దానికీ ఒక ముక్క చుట్టి వింటానంది. పక్కనున్న ఖాతాదారులు చూస్తున్నారు. కాశీరావుకి తప్పలేదు. బల్ల మీద రేడియోకి తగిలించి ఒక్కొక్కటే ఇచ్చాడు.

మొదటిది విని, "ఇందులో మృదంగం ఏమైపోయిందండీ?" అంది.

"ఉంటుంది లెండమ్మా. ఎక్కడికి పోతుంది?"

రెండోది విని, "ఆవిడ పాడుతోందా, జలుబు చేసి మూలుగుతోందా?" అంది.

"స్టేషన్లో తేడా అమ్మా అది."

మూడోది బంగారు రంగుది, నల్లటి పెట్టెలో వెల్వెట్టు మీద పడుకోబెట్టి ఉంది. కాశీరావు దాన్ని రెండు చేతులతో అందించాడు. ఆమె విని, ఆయన చేతికే తిరిగి ఇచ్చింది.

"ఏమంటారమ్మా?"

"పెట్టె బాగుంది."

ఎండలోకి వచ్చేసరికి ఆమెకి వాళ్ల మీద కంటే తన మీదే ఎక్కువ చిరాకేసింది. ఏదో ఆశపడి వచ్చినందుకు. ఇంకో రెండు షాపులు చూసింది. అక్కడా అదే సరుకు, అవే దంతాలు. తిరిగి వెళ్లబోతుంటే ఒక సందు మొగలో విప్పి పడేసిన రేడియోల మధ్య కూర్చుని ఒకతను టంకం వేస్తున్నాడు. నెరిసిన గిరజాల జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. పైన చిన్న బోర్డు: జీవరత్నం, రేడియో రిపేర్లు. దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో: తొందర పెట్టవద్దు.

"ఏమండీ, సంగీతం సరిగ్గా వినపడే ఇయర్‌ఫోను ఎక్కడైనా దొరుకుతుందా?" అని అడిగింది.

అతను తల ఎత్తలేదు. "దొరకదు."

"ఎందుకు దొరకదు?"

"అడిగేవాళ్లు లేరు గనక. ఈ ఊళ్లో దాన్ని కొనేది క్రికెట్ స్కోరు వినడానికి. ఆఫీసులో ఫైలు వెనకాల దాచుకుని. వాటిలో మాట వినపడితే చాలు."

"మరి సంగీతం వినేవాళ్లు?"

"వాళ్లా?" అతను మొదటిసారి తల ఎత్తాడు. "వాళ్లకి సౌండు పెద్దగా రావాలి, వీధిలో వాళ్లకి కూడా తెలియాలి. అంతకు మించి వాళ్లకేం అక్కర్లేదమ్మా. నిన్న ఒకాయన వచ్చాడు. స్పీకరు చిరిగి బరబరలాడుతోంది. ఆయనేమో సెట్టుకి పాలిష్ వెయ్యమంటాడు."

శివపార్వతికి నవ్వొచ్చింది. ఆపుకుంది. గోడకి వేలాడుతున్న సెట్టొకటి పాడుతోంది. "మీది మాత్రం చిరగలేదా? పై స్థాయికి వెళ్లినప్పుడల్లా తీగ గీసినట్టుంది" అంది.

జీవరత్నం ఆ సెట్టు వంక చూశాడు. దగ్గరికి వెళ్లి చెవి పెట్టాడు. తిరిగొచ్చి కూర్చుని, "అది నాది కాదు, ఖాతాదారుది" అన్నాడు. స్టూలు ఆమె వైపు జరిపాడు. "మీకు కావలసింది చెవిలో పెట్టుకునేది కాదమ్మా. రెండు చెవుల్నీ కప్పేది, తల మీదుగా తగిలించుకునేది. హెడ్‌ఫోనంటారు. రేడియో స్టేషన్లో పెట్టుకుంటారు. మద్రాసులో ఓడల సరుకులో వస్తుంది. దొరికినప్పుడు దొరికినట్టు. కాని ముందే చెప్తున్నాను, కొని బల్ల మీద పెట్టి లేసు గుడ్డ కప్పేటట్టయితే నా దగ్గరికి రాకండి."

"లేసు గుడ్డలు మా ఇంట్లో చాలానే ఉన్నాయి. అన్నిటి కిందా ఏదో ఒకటి ఉండనే ఉంది" అంది శివపార్వతి.

హెడ్‌ఫోను అనేదాన్ని ఆమె చూడటానికి అట్టే కాలం పట్టలేదు. రామకోటేశ్వరరావు తెప్పించాడు. కాశీరావు ద్వారానే మద్రాసు నుంచి తెప్పించాడు. తెప్పించినట్టు ఊరంతా చెప్పాడు. ఆపైన ఒక సాయంత్రం ఫలహారాలు ఏర్పాటు చేసి అందరినీ కుటుంబాలతో సహా పిలిచాడు.

హాలు మధ్యలో టేప్‌రికార్డరు, పక్కన తోలు పెట్టెలో నల్లటి హెడ్‌ఫోను. చెవులమీద పడేచోట మెత్తటి దిండ్లు. రామకోటేశ్వరరావు దాన్ని ఒక్కొక్కరి నెత్తిన స్వయంగా పెడుతున్నాడు, కిరీటం పెడుతున్నట్టు. పెట్టించుకున్న ప్రతివాడూ కళ్లు మూసుకుంటున్నాడు, తల ఊపుతున్నాడు, "ఆహా!" అంటున్నాడు. సబ్ రిజిస్ట్రారు, "సాక్షాత్తూ ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టుందండీ" అన్నాడు. వెంకటప్పయ్య వంతు వచ్చింది. ఆయన జీవితంలో ఒక పాట మొదటి నుంచి చివరిదాకా విన్నవాడు కాదు. కళ్లు మూసుకుని, "ఆ గమకం చూడు, గమకం!" అన్నాడు. పోయినవారం రామకోటేశ్వరరావు నోట విన్న మాట అది. అప్పుడు టేపులో తర్వాతి పాట ఇంకా మొదలవలేదు, తంబూరా ఒక్కటే మోగుతోంది.

"చెల్లెమ్మా, నువ్వు కూడా విను. రేడియో అంటే ఇష్టం కదా నీకు" అని రామకోటేశ్వరరావు శివపార్వతి తల మీద పెట్టాడు.

హాల్లో గోలంతా దూరంగా జరిగిపోయింది. పాడే ఆయన పల్లవి అందుకోబోతూ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి వినపడింది. పక్కన వయొలిన్ మీద కమాను వెనక్కి తిరిగేటప్పుడు వెంట్రుకవాసి విరుపు వినపడింది. మృదంగం ఎడమ వైపు బరువైన మోత చెంప మీద తట్టినట్టు తగిలింది. అవన్నీ ఎక్కడో జ్ఞాపకంలో ఉండిపోయాయనుకుంది, ఇంకెప్పుడూ వినననుకుంది.

కాని ఇదంతా ఎడమ చెవిలోనే. కుడి చెవిలో ఏమీ లేదు. మెత్తటి దిండు తప్ప.

ఆమె అటు తిప్పి ఇటు పెట్టుకుని చూసింది. ఇప్పుడు కుడి చెవిలో పాట, ఎడమ చెవిలో దిండు.

"అన్నయ్యగారూ, ఇది ఒక పక్కనే పలుకుతోంది. రెండో పక్క ఏమీ రావడం లేదు" అంది.

ఆమె కంటే ముందు దాన్ని పెట్టుకున్నవాళ్లంతా ఫలహారాల పళ్లేల్లోకి చూశారు.

రామకోటేశ్వరరావు తేరుకుని పెద్దగా నవ్వాడు. "అది స్టీరియో చెల్లెమ్మా! దాని లెక్కే వేరు. ఒక చెవితో వినాలి, రెండో చెవికి విశ్రాంతి. ఫారిన్‌లో అంతా ఇలాగే వింటారు. మనకి అలవాటు లేక వింతగా ఉంటుంది."

"అవునవును, విశ్రాంతి ఉండాలి" అన్నాడు సబ్ రిజిస్ట్రారు.

"ఆడవాళ్లకి ఇవన్నీ ఏం తెలుస్తాయి, వదిలెయ్యరా" అన్నాడు వెంకటప్పయ్య, మొహం ఎర్రబడి.

ఇంటికి వచ్చేదాకా కార్లో ఆయన ఆపలేదు. "నా పరువు తీశావు. అంతమంది పెద్దమనుషులు బాగుందంటుంటే నీకొక్కదానికే లోపం కనపడిందా? వాళ్లందరికీ చెవులు లేవా?"

శివపార్వతి బందరు కాలవ వంక చూస్తూ కూర్చుంది. ఉన్నాయి, అందరికీ రెండేసి ఉన్నాయి, వాడుకోవాలన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు, అనుకుంది. ఆమె మనసంతా ఆ ఊపిరి పీల్చుకున్న చప్పుడు దగ్గరే ఉండిపోయింది. ఆ నల్లటి వస్తువు కావాలి. ఇంకేదీ వద్దు, అదే కావాలి.

ఆ వారంలోనే జీవరత్నం దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. 'విశ్రాంతి' అన్న మాట దగ్గర అతను టంకం కడ్డీ కింద పెట్టి, కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకునేంత నవ్వాడు.

"అది చెడిపోలేదమ్మా. హెడ్‌ఫోను రెండు దారులది. ఆయన టేప్‌రికార్డరు ఒక దారిది. ఆ కన్నంలో ఈ పిన్ను పెడితే ఒక పక్కకే వెళ్తుంది. తీగలు రెండూ కలిపి వేరే పిన్ను వేస్తే రెండు పక్కలా మోగుతుంది. పావుగంట పని."

"చెప్పమంటారా ఆయనకి?"

"ఎందుకమ్మా? విశ్రాంతి తీసుకోనివ్వండి."

శివపార్వతి చెప్పలేదు. కానీ ఆ విశ్రాంతి ఎక్కువ కాలం సాగలేదు.

దసరాకి సభ వాళ్లనీ, స్నేహితుల్నీ కుటుంబాలతో సహా రామకోటేశ్వరరావు మళ్లీ పిలిచాడు. ఆ రోజు సభ అధ్యక్షుడు బసవపున్నయ్య కూడా వచ్చాడు. దివిసీమలో వందెకరాల ఆసామి, రామకోటేశ్వరరావుకి స్వయానా మామగారు. ఆయన మాటకి ఎదురు చెప్పినవాడు లేడు. ఆయనకి ఎడమ చెవి పుట్టు చెముడు. అది అందరికీ తెలిసిందే. అందుకే అందరూ ఆయనకి కుడి పక్కన కూర్చోవడానికి తోసుకునేవాళ్లు.

అల్లుడు వినయంగా వంగి మామగారి నెత్తిన హెడ్‌ఫోను పెట్టాడు. టేపు నొక్కాడు. అందరూ ఆయన మొహం వంక చూస్తున్నారు. బసవపున్నయ్య కాసేపు కూర్చున్నాడు. గోడలు చూశాడు. అల్లుణ్ణి చూశాడు.

"ఎప్పుడు పెడతావురా?" అన్నాడు.

"పెట్టాను మావయ్యగారూ. పాడుతోంది."

"ఏం పాడుతోంది? నీ మొహం! ఏమీ వినపడ్డం లేదు."

"జాగ్రత్తగా వినాలండీ..."

"నీ యెంకమ్మా, నాకు వినడం నేర్పుతావురా? నా కుడి చెవికి చీమ నడిచినా వినపడుద్ది! చెడిపోయిన సరుకు నా నెత్తిన పెడతావా?" అని హెడ్‌ఫోను లాగి సోఫా మీదికి విసిరాడు.

ఆ తర్వాత జరిగింది చూడవలసిందే. సబ్ రిజిస్ట్రారు గొంతు సవరించుకుని, "నాకు మొదటి రోజే అనుమానం వచ్చిందండీ, మర్యాద కాదని ఊరుకున్నాను" అన్నాడు. ఇంకొకాయన, "ఒక పక్క అసలు పలికేది కాదు. మద్రాసు వాళ్లంతా మోసగాళ్లు" అన్నాడు. వెంకటప్పయ్య అందరి కంటే గట్టిగా, "నేను ఆనాడే చెప్పానయ్యా, రామకోటేశ్వరరావు వింటేగా!" అన్నాడు. శివపార్వతి ఆడవాళ్లలో కూర్చుని భర్త వంక చూసింది. ఆయన కూడా ఆమె వంక చూశాడు. చూసిన తర్వాత కూడా ఆయన మొహంలో సిగ్గన్నది కనపడలేదు. తను నిజంగానే ఆ మాట అన్నట్టు అప్పటికే నమ్మేశాడు.

మర్నాడే హెడ్‌ఫోను కాశీరావు షాపుకి తిరిగి వెళ్లింది, బోలెడు తిట్లతో సహా. ఆ కబురు వెంకటప్పయ్యే భోజనం దగ్గర చెప్పాడు. ఆయన చెయ్యి కడుక్కుని మిల్లుకి వెళ్లేదాకా ఆగి, శివపార్వతి రిక్షా పిలిచింది.

కాశీరావు ఆమెని గుర్తుపట్టాడు. ఈసారి లేచి నిలబడ్డాడు. "రండమ్మా. కొత్త సరుకు వచ్చింది. ఇదిగో ఈ వెండి రంగుది చూడండి, దీపం కూడా వెలుగుద్ది."

"చెవుల మీద దీపం ఎందుకండీ? నాకు అదిగో, ఆ మూల పడేసిన నల్లది కావాలి."

"అయ్యో, అది పాడైపోయిందమ్మా. కాంట్రాక్టరుగారు వెనక్కి పంపారు. నేనూ తగిలించి చూశాను, ఒక పక్క చచ్చిపోయింది. మీలాంటి పెద్దింటివాళ్లకి అలాంటిది ఇవ్వలేను."

"పెద్దింట్లో పనికిరానివి చాలా ఉన్నాయి, ఇదొకటి ఎక్కువైతే ఏం?"

"పోనీ ఆ బంగారు రంగుది తీసుకోండి. పోయినసారి పెట్టె బాగుందన్నారుగా."

శివపార్వతి ఆయన మొహంలోకి చూసింది. ఆ మాటని ఆయన మెచ్చుకోలుగానే తీసుకున్నాడన్నమాట. ఇంక ఆ మనిషితో మాట్లాడటం దండగనిపించింది. నల్లదాన్ని ఇప్పించుకుని వచ్చేసింది. గుమ్మం దిగుతుంటే వెనక నుంచి కాశీరావు పక్కవాడితో, "డబ్బున్నవాళ్లకి బుద్ధి ఉండదయ్యా" అనడం వినపడింది. ఆమె చెవులు బాగానే పనిచేస్తాయి.

జీవరత్నం దాన్ని చేతిలోకి తీసుకుని, దిండ్లు నొక్కి, తీగ నిమిరి చూశాడు. ఆమె అతన్ని ఎరిగిన ఇన్నాళ్లలో మొదటిసారి అతని మొహంలో గౌరవం కనబడింది, ఆమె మీద కాదు, ఆ వస్తువు మీద. పిన్ను కోసేసి, తీగల పై తోలు ఒలిచి, రెండిటినీ కలిపి, ఆమె ట్రాన్సిస్టరుకి సరిపోయే చిన్న పిన్ను వేసి టంకం పెట్టాడు. ఊది, చల్లార్చి, గోడమీద సెట్టుకి తగిలించి ఇచ్చాడు.

ఆమె పెట్టుకుంది. సందు మొగలో తోపుడు బండి వాడు దారి కోసం అరుస్తున్నాడు. హమాలీలు గోడౌనులోకి బస్తాలు మోస్తూ ఒకరినొకరు కేకలేసుకుంటున్నారు. అవన్నీ ఉన్నట్టుండి నీళ్లలో మునిగినట్టు అణిగిపోయాయి. వాటి స్థానంలో, రెండు చెవుల మధ్య, సరిగ్గా నుదుటి వెనకాల, ఎవరో ఒకావిడ వీణ మీటుతోంది. మీటిన ప్రతిసారీ తీగ మీద గోరు తగిలిన చిన్న చప్పుడు, దాని వెనక నాదం, ఆ నాదం సన్నబడి సన్నబడి పోతూ పోతూ తర్వాతి స్వరానికి దారి ఇవ్వడం. శివపార్వతి స్టూలు మీద అలాగే కూర్చుంది. వీణ కచేరీ అయిపోయి వ్యవసాయదారుల కార్యక్రమం మొదలైనా తియ్యలేదు. వరికి దోమపోటు గురించి చెబుతున్న మనిషి గొంతులో కూడా ఎన్ని పొరలున్నాయో అని వింటూ కూర్చుంది.

"బాగుందా?" అని అడిగాడు జీవరత్నం.

"ఊఁ" అంది. అంతకంటే చెప్పడానికి అతని ముందు ఆమెకి ఇష్టం లేకపోయింది.

పుట్టింటికి మనిషిని పంపి వయొలిన్ తెప్పించుకుంది. తీగలు తుప్పుపట్టాయి. మద్రాసు నుంచి కొత్తవి తెప్పించి వేయించింది. పగలు రేడియోలో వినడం, విన్నదాన్ని చేతిలోకి తెచ్చుకోవడం. వేళ్లు మొదట ఏడిపించాయి. చివర్లు కాయలు కట్టాయి. సంక్రాంతి పనులు మొదలయ్యేనాటికి భైరవి వర్ణం చెయ్యి జారకుండా వచ్చింది. వెంకటప్పయ్యకి ఇదంతా తెలియనే తెలియదు. ఇంట్లో వయొలిన్ పెట్టె కనబడితే అది ఏదో పిండివంటల సామాననుకున్నాడు.

ఆయనకి తెలిసింది రామకోటేశ్వరరావు వల్ల. ఒక మధ్యాహ్నం ఇద్దరూ చెప్పకుండా వచ్చారు. హాల్లో శివపార్వతి హెడ్‌ఫోను పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంది. తలుపు చప్పుడు ఆమెకి వినపడలేదు.

రామకోటేశ్వరరావు గుర్తుపట్టాడు. ఆమె తల మీది నుంచే తీసి తన చెవులకి పెట్టుకున్నాడు. ఆయన కనుబొమలు పైకి వెళ్లాయి. రెండు పక్కలా మోగుతోంది.

"ఇది నాదే!" అన్నాడు. వెంటనే, "మొదట్లో ఇలాగే ఉండేది. నేను ఆనాడే అన్నాను, దీనిలో లోపమేమీ లేదని. ఆ కాశీరావు గాడు నన్ను మోసం చేశాడు. చెల్లెమ్మా, దీన్ని నేను పట్టుకెళ్తాను. రేపు ఆదివారం మా ఇంటికి కలెక్టరాఫీసు వాళ్లు వస్తున్నారు" అన్నాడు.

"తీసుకెళ్లవయ్యా, దానికి అడగడం ఎందుకు? అది దీన్ని పెట్టుకుని ఏం చేస్తుంది?" అన్నాడు వెంకటప్పయ్య.

శివపార్వతి లేచింది. రామకోటేశ్వరరావు తల మీది నుంచి హెడ్‌ఫోను, ఆయన తీసినంత తేలిగ్గానే, తీసుకుంది.

"ఇవ్వను" అంది.

"ఏమిటీ?" అన్నాడు వెంకటప్పయ్య.

"ఇవ్వనన్నాను. అన్నయ్యగారికి కుడి చెవిలో వినపడలేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసి అందరికీ విశ్రాంతని చెప్పారు. మీకూ వినపడలేదు, మీరు గమకం బాగుందన్నారు. అప్పటికి పాట ఇంకా మొదలే కాలేదు. మీ ఇద్దరికీ వినడానికి ఏదో ఒకటి చాలు. సొరుగులో చిన్నది ఉంది, శనగగింజంతది. కావాలంటే పట్టుకెళ్లమనండి. కలెక్టరాఫీసు వాళ్లకి కూడా అదే ఎక్కువ."

ఆమె గొంతు పెంచలేదు. కాఫీ కలుపుతానని లోపలికి వెళ్లింది. కలిపి తెచ్చింది కూడా. ఇద్దరూ తాగారు. రామకోటేశ్వరరావు పనుందని లేచాడు. ఆయన వెళ్లాక వెంకటప్పయ్య హాల్లో అటూ ఇటూ తిరిగాడు. అరవడానికి రెండుసార్లు నోరు తెరిచాడు. ఆమె అప్పటికే హెడ్‌ఫోను పెట్టేసుకుంది. వినని మనిషి మీద అరవడం ఎలాగో ఆయనకి తెలియదు. ఇన్నేళ్లూ వినకపోవడం తన పనే.

నెల తిరిగేసరికి ఆయన మిల్లు దగ్గర అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు: "మా ఆవిడకి సంగీతమంటే ప్రాణమయ్యా. నేనే వెతికి వెతికి ఫారిన్ సెట్టు తెప్పించాను. రెండు పక్కలా మోగుద్ది. ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు." శివపార్వతి చెవిన కూడా పడింది. ఆమె దాన్ని దిద్దే ప్రయత్నం చెయ్యలేదు. అంత శ్రమకి ఆ మనిషి తగడని ఎప్పుడో తేల్చుకుంది.

ఎండాకాలంలో ట్రాన్సిస్టరు గరగరలాడితే జీవరత్నం సంచి పట్టుకుని పటమట వచ్చాడు. వెంకటప్పయ్య హాల్లో పేపరు చదువుతున్నాడు. జీవరత్నం కింద కూర్చుని సెట్టు వెనక మూత విప్పాడు. లోపలి గదిలో శివపార్వతి వాయిస్తోంది.

"విన్నావా? రేడియోలో వాళ్లకేం తీసిపోదు. అందరూ అంటున్నారు" అన్నాడు వెంకటప్పయ్య. అలా అన్నవాళ్లు ఎవరూ లేరు.

జీవరత్నం స్క్రూడ్రైవరు ఆపి విన్నాడు. "నాకు మీ సంగీతం తెలియదండీ. చప్పుడు తెలుసు. మూడో తీగ దిగిపోయింది" అన్నాడు.

"ఏం దిగింది?"

"తీగండీ. శ్రుతి దిగింది. ఇందాకట్నుంచీ అలాగే వాయిస్తున్నారు."

లోపల వాయిద్యం ఆగింది. ఆ తీగ బిగించే బిరడా జారుతోందని శివపార్వతికీ తెలుసు. ఈ ఇంట్లో దాన్ని పట్టించుకునే చెవి లేదు కదా, వర్ణం అయ్యాక చూద్దామని వదిలేసింది. ఆమె బుగ్గలు వేడెక్కాయి. కోపం కాదది. బిరడా తిప్పి, తీగ మీటింది.

"ఇప్పుడు?" అని గదిలోంచే అడిగింది.

జీవరత్నం తల పక్కకి వంచాడు. "ఇంకొంచెం పైకి" అన్నాడు.